అంచులు మాడి, మధ్యలో సాగిన బీట్‌రూట్ చిప్స్: ఒక ఇంటి ఓవెన్ కేసు

బేకింగ్ క్లాసులు చెప్పే నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ కేకుల గురించే. దుంపల చిప్స్ గురించి అడిగేవాళ్లు తక్కువే గానీ, అందరూ చెప్పేది దాదాపు ఒకటే. అంచులు మాడిపోయాయి, మధ్యలో సాగుతోంది, కరకరలాడిన నాలుగు ముక్కలూ తెల్లారేసరికి మెత్తబడ్డాయి. ఈ కేసూ అలాగే మొదలైంది. దీన్ని రాయాలనిపించడానికి కారణం, ఇందులో దాదాపు ప్రతి అడుగులోనూ బరువు తూచి చూసుకునే అవకాశం దొరకడం.

నా దగ్గర బ్రెడ్ నేర్చుకున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మా ఓవెన్ పాడైనట్టుంది. ఒకసారి వచ్చి చూస్తారా? మామయ్యగారికి షుగర్, నూనెలో వేయించినవి తగ్గించమన్నారు. చిప్స్ బేక్ చేద్దామంటే ఒక్కసారీ సరిగ్గా రావట్లేదు."

ఆమె పద్ధతి ఇదీ: బీట్‌రూట్, క్యారెట్, చిలగడదుంప, బంగాళదుంప నాలుగూ చాకుతో చక్రాలుగా తరిగి, ఒక గిన్నెలో వేసి, నూనె ధారాళంగా పోసి, ఉప్పూ కారం కలిపి, అన్నీ ఒకే ట్రేలో సర్ది, 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. రంగు సరిపోలేదనిపిస్తే ఇంకో ఐదు. ఇంచుమించు ఇలాగే చెయ్యమని చెప్పే వంటకాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఆమెను తప్పుపట్టడానికేం లేదు.

వెళ్లగానే నేనేమీ మార్చలేదు. "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అన్నాను. ఒక్క బీట్‌రూట్‌ని మాత్రం విడిగా ఒక ట్రేలో పెట్టమని, ముందూ వెనకా తూచమని అడిగాను. కేసు సగం అక్కడే తేలింది.

తూకం చెప్పిన సంగతి

తొక్క తీసి తరిగిన బీట్‌రూట్ 200 గ్రాములు. లెక్క తేలాలని ఈ ట్రేకి మాత్రం నూనె తూచి 3 గ్రాములే వేయించాను. 25 నిమిషాల తర్వాత అంచులు నల్లబడ్డాయి, బయటికి తీసేయాల్సిందే. తూచితే 70 గ్రాములు.

బీట్‌రూట్‌లో నీరు దాదాపు 87 శాతం. అంటే 200 గ్రాముల ముక్కల్లో నీరు కాక మిగిలే సరుకు 26 గ్రాములే. నూనె కలిపితే 29. నిజంగా కరకరలాడే చిప్‌లో తేమ మూడు నాలుగు శాతానికి మించి ఉండదు, కాబట్టి ఆ ట్రే దిగాల్సిన బరువు సుమారు 30 గ్రాములు. మా ముందున్నది 70. మాడిపోయిందనుకున్న ఆ ట్రేలో ఇంకా సగానికి పైగా నీరే ఉంది!

"మాడితే నీరెలా ఉంటుంది మేడమ్?" అంది. ఒక ముక్క తీసి అడ్డంగా విరిచి చూపించాను. విరగలేదు, చిరిగింది. దాని ఒక అంచు మందం మిల్లీమీటరు కూడా లేదు, ఎదుటి అంచు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పల్చటి వైపు పది నిమిషాల్లోనే ఎండిపోయి, మిగతా పావుగంటా మాడుతూ కూర్చుంది. మందపు వైపు ఇంకా ఉడుకుతోంది. ఒకే ముక్కలో రెండు వంటలు నడుస్తున్నాయన్నమాట.

మందం గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. ముక్క పైన ఉన్న తడి త్వరగానే పోతుంది. ఆ తర్వాత లోపలి నీరు పైదాకా రావాలి, అసలు ఆలస్యం అక్కడే. ఆ దశలో పట్టే సమయం సుమారుగా మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల ముక్క ఎండేదానికి మూడు మిల్లీమీటర్ల ముక్క రెట్టింపు కాదు, నాలుగింతలకు దగ్గరగా తీసుకుంటుంది. అందుకే చాకుతో ఎంత చెయ్యి తిరిగినవాళ్లు తరిగినా చిప్స్ విషయంలో నాకు నమ్మకం లేదు. స్లైసర్ ఉండాలి, ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోవాలి, చేతికి కాపు తప్పనిసరి. అంతకన్నా పల్చగా తరిగితే దుంప కనబడదు, అంచులు ముడుచుకుపోతాయి.

ఓవెన్ పాడవలేదు

నా సంచిలో ఎప్పుడూ ఒక ఓవెన్ థర్మామీటర్ ఉంటుంది. 200 అని పెట్టిన ఓవెన్ వెనక మూలలో 215, తలుపు దగ్గర 185 చూపించింది. ఇంటి ఓవెన్లకు ఇది మామూలే. మధ్యలో ట్రే తిప్పితే సరిపోయే తేడా.

అసలు చిక్కు ఆవిరి. ఆమెది 30 లీటర్ల చిన్న ఓవెన్. 200 గ్రాముల బీట్‌రూట్‌లోని 174 గ్రాముల నీరు ఆవిరైతే దాదాపు 300 లీటర్లవుతుంది, అంటే ఓవెన్‌కి పది రెట్లు. అదంతా తలుపు సందుల్లోంచి, వెనక రంధ్రాల్లోంచి పోవాలి. ట్రే మీద ముక్క మీద ముక్క పడి ఉంటే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగులుతుంది. అక్కడ బేకింగ్ జరగదు, ముక్కలు ఆవిరిలో ఉడుకుతాయి.

నూనెలో వేయించడానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. కాగిన నూనె వేడిని ముక్కకి నాలుగువైపులా ఒకేసారి అందిస్తుంది, నీరు బుడగలుగా ఎగిరిపోతుంది, కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. గాలికి అంత చురుకు లేదు. కాబట్టి ఓవెన్ చిప్స్ అనేవి ఒక రకంగా ఎండబెట్టడమే. మంట పెంచి తొందరపెడితే పైపొర మాడుతుందే గానీ లోపలి నీరు అంత తొందరగా కదలదు.

ఓవెన్‌కి ఏ రోగమూ లేదని చెప్పేసరికి, పక్కనే కూర్చుని అంతా వింటున్న వాళ్ల అత్తగారు, "నేను ముందే చెప్పాను కదమ్మా, మార్చాల్సింది ఓవెన్ని కాదని" అన్నారు. ఆవిడ ఏమీ చెప్పలేదని కోడలి ముఖం చూస్తే తెలిసిపోయింది.

నాలుగు దుంపలు, రెండు స్వభావాలు

ఒకే ట్రేలో నాలుగూ వేయడం ఈ కేసులో రెండో పెద్ద కారణం. చూడ్డానికి రంగురంగులుగా బాగుంటుంది, అంతే. వేడి తగిలితే ఇవి రెండు వర్గాలుగా విడిపోతాయి.

బీట్‌రూట్, క్యారెట్‌లలో పిండి పదార్థం చాలా తక్కువ, చక్కెర ఎక్కువ. బీట్‌రూట్‌లో నూటికి దాదాపు ఏడు పాళ్లు చక్కెరే. నీరు పోతున్నకొద్దీ ఆ చక్కెర చిక్కబడుతుంది, ఎక్కువ వేడిలో ముందు గోధుమరంగుకి తిరిగి, తర్వాత చేదెక్కుతుంది. వీటికి 130, 140 డిగ్రీలు దాటకూడదు. పైగా బీట్‌రూట్‌కి సహజంగా ఉన్న ఎరుపు ఆ మార్పుని దాచేస్తుంది. రంగు చూసి దించుదామనుకునేవాళ్లకి మాడిన సంగతి వాసన వచ్చేదాకా తెలియదు.

బంగాళదుంప దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిండి ఎక్కువ, తాజా దుంపలో చక్కెర ఒక శాతం లోపే. పిండి మెత్తగా ఉడికి ఉబ్బాలంటే తగినంత నీరు ఉండగానే వేడి 60, 70 డిగ్రీలు దాటాలి. బీట్‌రూట్‌తో పాటు నెమ్మదిగా ఎండబెడితే పిండి ఉడక్కముందే నీరు పోయి, పచ్చివాసనతో పళ్లకి తగిలే గట్టి బిళ్లలు మిగులుతాయి. అందుకే దీన్ని తరిగి ఒక అరగంట చల్లటి నీళ్లలో ఉంచి, మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, శుభ్రంగా తుడిచి, 170 దగ్గర మొదలుపెట్టి రంగు తిరుగుతుండగా 130కి తగ్గించమంటాను.

బంగాళదుంప విషయంలో ఇంకో మాట, ఇది రుచికి సంబంధించింది కాదు. వాళ్లింట్లో దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. చలికి బంగాళదుంపలోని పిండి కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. ఆ రెండూ దుంపలో ఉండే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి, 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో అక్రిలమైడ్ అనే, క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానించే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆహారంలో ఇది ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఐరోపా యూనియన్ 2017లో చేసిన నిబంధనల్లో బంగాళదుంప చిప్స్‌కి కిలోకి 750 మైక్రోగ్రాములని ఒక కొలమానం పెట్టింది. ఇంట్లో దాన్ని కొలవలేం. చెయ్యగలిగిందల్లా దుంపల్ని ఫ్రిజ్ బయట చీకటిగా, చల్లగా ఉండే చోట పెట్టడం, నీళ్లలో నానబెట్టడం, లేత బంగారు రంగులోనే దించేయడం. బేక్ చేశాం కదా ఏం కాదులే అనుకోవడానికి లేదు, ఓవెన్‌లోనూ ఇదే జరుగుతుంది.

చిలగడదుంప ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. పిండీ ఉంది, చక్కెరా ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే, అది నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు దానిలోని ఒక ఎంజైమ్ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తూ పోతుంది. అందుకే మెల్లగా కాల్చిన చిలగడదుంప అంత తియ్యగా ఉంటుంది. చిప్స్‌కి ఆ తీపి వద్దు, త్వరగా రంగెక్కుతుంది. వేడెక్కిన ఓవెన్‌లోనే పెట్టాలి, 150 దగ్గర, పక్కన నిలబడి చూసుకుంటూ.

మార్చినవి

బీట్‌రూట్‌నే మళ్లీ తీసుకున్నాం, పోల్చడానికి వీలుగా అదే 200 గ్రాములు. స్లైసర్‌తో తరిగి, గుడ్డ మీద పరిచి పైతడి అద్దాం. నూనె అదే 3 గ్రాములు, అంటే చిన్న చెంచాకి కాస్త తక్కువ. చేత్తో ప్రతి ముక్కకీ పల్చగా అంటేలా పూశాం. ఇంతకుముందు ట్రేల్లో ఆమె పోసిన నూనె ఎక్కువైనా ముక్క మాత్రం కరకరలాడలేదు. ఎక్కువ నూనె ముక్కలో నిలిచి జిడ్డవుతుంది తప్ప నీటిని తరిమేంత వేడి దానికి అందదు.

ట్రే మీద బేకింగ్ పేపర్, ముక్కల మధ్య వేలు సందు. 200 గ్రాములు ఒక ట్రేకి పట్టలేదు, రెండు ట్రేలు చేయాల్సొచ్చింది. అల్యూమినియం ఫాయిల్ వద్దన్నాను, చక్కెర ఉన్న ముక్క దానికి అతుక్కుంటే ఊడిరాదు. ఫ్యాన్ వేసి 135 డిగ్రీలు. మొదటి అరగంటలో పదేసి నిమిషాలకొకసారి తలుపు తీసి, ముఖం పక్కకి పెట్టి, ఆవిరి పోనిచ్చాం. ఆ ఒక్కో తెరుపుకీ ఆమె కళ్లద్దాలు మసకబారిపోతుంటే, ఇంతకుముందు ఆ తడంతా ఎక్కడికి పోయేదో ఆమెకే అర్థమైంది. సగంలో ముక్కలు తిరగేసి, ట్రేల స్థానాలు మార్చాం.

ట్రేల బరువు ముందే రాసిపెట్టుకున్నాం కాబట్టి మధ్యమధ్య ట్రేతో సహా తూచడం కష్టమవలేదు. 203 గ్రాములతో మొదలైంది ఇరవై నిమిషాలకి 110, నలభైకి 48, యాభైకి 33. అంకెలు చూస్తే తెలుస్తుంది, మొదటి ఇరవై నిమిషాల్లో తొంభై గ్రాములకు పైగా పోతే, చివరి పది నిమిషాల్లో పోయింది పదిహేనే. అందరూ ఓపిక కోల్పోయి మంట పెంచేది సరిగ్గా అక్కడే. 33 దగ్గర ఓవెన్ ఆపేసి, తలుపు కొంచెం తెరిచి, ట్రేలు లోపలే వదిలేశాం. ఓవెన్ చల్లారేసరికి 30.

ఆపేటప్పుడు ముక్కలు వంగుతూనే ఉన్నాయి. "ఇంకా అవ్వలేదు మేడమ్, మళ్లీ పెడదాం" అంటూ ఆమె కంగారుపడింది. ఇది చక్కెర ఉన్న దుంపలన్నిటికీ ఉన్న గుణం: వేడిగా ఉన్నప్పుడు చక్కెర మెత్తగా ఉంటుంది, తేమ తగినంత పోయి ఉంటే చల్లారాక గాజులా బిగుసుకుంటుంది. కాబట్టి ఓవెన్‌లో ఉండగా పట్టి చూసి తీర్పు చెప్పకూడదు. ఒక ముక్క తీసి పళ్లెంలో ఒక నిమిషం ఉంచి విరవాలి. టప్‌మంటే అయినట్టు. వంగితే ట్రేకి ఇంకో ఐదు నిమిషాలు.

ఉప్పు సంగతి అత్తగారి విభాగం. ఆవిడ చెయ్యి పెద్దది. పచ్చి ముక్కల మీద అర చెంచా, అంటే సుమారు 3 గ్రాములు వేసేవారట. 200 గ్రాముల మీద అది న్యాయంగానే కనిపిస్తుంది, కానీ ముక్కలు 30 గ్రాములకు దిగాక పదో వంతు ఉప్పే అవుతుంది. చిప్స్‌కి నూటికి ఒకటి, ఒకటిన్నర చాలు. అంటే ఈ మొత్తానికి రెండు వేళ్ల చిటికెడు. నూనె తక్కువున్న చిప్స్‌కి పైన చల్లిన ఉప్పు అంటదు కాబట్టి బాగా మెత్తగా పొడిచేసి, ఆ చిటికెడునీ నూనెతో పాటే ముందే కలపడం మేలు. కారం మాత్రం దించాకే. అంతసేపు ఓవెన్‌లో ఉంటే నల్లబడి గొంతు పట్టుకుంటుంది.

మామగారి ప్రశ్న

అంతా అయ్యాక పెద్దాయన వచ్చి ఒకటి నోట్లో వేసుకుని, "ఇవి నేను ఎన్ని తినొచ్చు?" అన్నారు. ఈ ప్రశ్న కోసమే ఇదంతా మొదలైంది కాబట్టి దాటవేయలేకపోయాను. నూనె తగ్గిన మాట నిజం. మామూలు ఆలూ చిప్స్‌లో మూడో వంతు నూనె ఉంటుంది, వీటిలో పదో వంతే. కానీ ఎగిరిపోయింది నీరే, చక్కెర కాదు. ఆ 30 గ్రాముల చిప్స్‌లో 200 గ్రాముల బీట్‌రూట్‌లోని చక్కెరంతా ఉంది, అంటే 13, 14 గ్రాములు. పచ్చిదుంప 200 గ్రాములు తినేవాళ్లు తక్కువ, చిప్స్ 30 గ్రాములు మాటల్లో పడితే అయిపోతాయి. "ఒక పిడికెడుకి మించొద్దండీ, ఆ పిడికెడూ మీ డాక్టరుగారిని అడిగి" అన్నాను. నూనె లేదు కాబట్టి ఎంతైనా తినొచ్చు అనే ప్రచారం నాకు మొదట్నుంచీ నచ్చదు.

తర్వాత

నిల్వ గురించి ఒక చిన్న పరీక్ష చేయమని చెప్పి వచ్చాను. సగం చిప్స్ గాలి చొరని సీసాలో, సగం గిన్నెలో తెరిచి. రాత్రి తూచిన గిన్నెలోని 15 గ్రాములు పొద్దున్నకి పదహారుంపావు అయ్యాయట, మెత్తబడ్డాయి కూడా. గాలిలోంచి పీల్చుకున్న ఒకటింపావు గ్రాము నీరు చాలు, రెండు ట్రేల కష్టం పోవడానికి. సీసాలోవి బాగానే ఉన్నాయి. మెత్తబడినవి పారేయక్కర్లేదు, 110 డిగ్రీల దగ్గర ఐదు నుంచి పది నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ విరుగుతాయి. సీసాలో పెట్టేముందు చిప్స్ పూర్తిగా చల్లారాలి, గోరువెచ్చగా మూతపెడితే లోపలి ఆవిరే వాటిని చెడగొడుతుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో చేయొచ్చా అని తర్వాత ఫోన్‌లో అడిగింది. చేయొచ్చు, కానీ ఎండిన పల్చటి ముక్కలు గాలికి లేచి పైన కాయిల్‌కి తగులుతాయి, మీద ఒక జాలీ బోర్లించాలి, పైగా ఒకసారికి పట్టేది గుప్పెడే.

ఇప్పుడు ఆమె వారానికి ఒక దుంప చొప్పున చేస్తోంది, కలపాలనుకుంటే పళ్లెంలో కలుపుతోంది. బీట్‌రూట్, చిలగడదుంప కుదిరాయి. బంగాళదుంప ఫ్రిజ్ బయటికొచ్చాక రంగు బాగుపడింది. కుదరనిది క్యారెట్ ఒక్కటే. దానిలో నీరు 88 శాతం, పిండి లేనట్టే, అడ్డంగా తరిగితే చక్రం చిన్న బొత్తాం అంతవుతుంది. పైగా నడిమి భాగమూ చుట్టూ ఉన్న కండా ఒకేలా ముడుచుకోవు, ముక్క గిన్నెలా వంకర తిరుగుతుంది. లావు క్యారెట్ తీసుకుని ఏటవాలుగా, రెండు మిల్లీమీటర్ల మందాన తరిగి, మొదటి పదిహేను నిమిషాలు పైన ఇంకో ట్రే బోర్లించి నొక్కి ఉంచి, తర్వాత తీసేసి 120 దగ్గర ఆరబెట్టమన్నాను. చదునుగా వస్తున్నాయట గానీ సీసా తెరిచిన గంటకే మెత్తబడుతున్నాయని నిన్న మెసేజ్ పెట్టింది. ఎంత బరువు దగ్గర దించావని తిరిగి అడిగాను. నూరు గ్రాములకి పదిహేడు అంది. పద్నాలుగు దాకా దింపమన్నాను.